పీఎస్ లిస్టు స్క్రిప్టులో తప్పు చెబుతుంటే: సమస్య - పరిష్కారం

లైనక్స్, యూనిక్స్ మెషీన్లలో నడుస్తున్న ప్రాసెస్‌ల (ప్రోగ్రాముల) లిస్టు ఇచ్చే కమాండ్ పీఎస్. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి.

సమస్య: టామ్‌క్యాట్ (జావాలో నడిచే వెబ్ సర్వర్) ఆగిపోయింది, చెకింగ్ స్క్రిప్టు మాత్రం నడుస్తోందంటోంది

స్క్రిప్టులో ఉండే లైను చాలాసార్లు ఇదే:

పీఎస్ -ఈఎఫ్ | గ్రెప్ టామ్‌క్యాట్ | డబ్ల్యూసీ -ఎల్

గ్రెప్ ఆ పేరున్న లైన్లను ఏరుతుంది, డబ్ల్యూసీ -ఎల్ వాటిని లెక్కపెడుతుంది. సున్నా రావాల్సిన చోట 1 వస్తుంది. ఆ ఒక్కటీ గ్రెప్పే. పైపు (| గుర్తు)తో కలిపిన కమాండ్లన్నిటినీ షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాము) ఇంచుమించు ఒకేసారి లేపుతుంది. పీఎస్ లిస్టు తీసేసరికి గ్రెప్ కూడా అందులో ఉంటుంది, దాని ఆర్గ్యుమెంట్‌లో ఉన్నది మీరు వెతికే పేరే. గ్రెప్ కాస్త ఆలస్యంగా లేస్తే అసలు కనపడదు కూడా. అందుకే ఈ తప్పు ఒకసారి వచ్చి, ఇంకోసారి రాక తిప్పలు పెడుతుంది.

దీనికి, గ్రెప్ అన్న మాటున్న లైన్లను తీసేసే గ్రెప్ -వీ గ్రెప్ అని ఇంకో పైపు తగిలించడం అందరికీ అలవాటు. పని జరుగుతుంది కానీ, కమాండ్ లైన్లో గ్రెప్ అన్న అక్షరాలున్న అసలు ప్రాసెస్ ఏదైనా ఉంటే అదీ ఎగిరిపోతుంది. పేరులో మొదటి అక్షరానికి మాత్రం చదరపు బ్రాకెట్లు తొడిగి, మొత్తాన్ని కోట్స్‌లో పెట్టడం మేలు. ప్యాటర్న్‌గా అది టామ్‌క్యాట్‌కే సరిపోతుంది. గ్రెప్ సొంత కమాండ్ లైన్లో బ్రాకెట్లు కూడా ఉంటాయి కనుక తనకు తాను తగలదు.

ప్రాసెస్‌లను పేరుతో వెతికే పీగ్రెప్ కమాండ్ అయితే తనను తాను ఎప్పుడూ లెక్కేసుకోదు. కానీ -ఎఫ్ (మొత్తం కమాండ్ లైనును చూడమనే ఆప్షన్) ఇవ్వకపోతే అది చూసేది ప్రాసెస్ పేరు ఒక్కటే. లైనక్స్‌లో ఆ పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది, అంతకంటే పొడుగు పేరు ఇస్తే ఎప్పటికీ దొరకదు. పైగా టామ్‌క్యాట్ ప్రాసెస్ పేరు మామూలుగా ‘జావా’ అనే ఉంటుంది. కాబట్టి -ఎఫ్ తప్పదు.

-ఎఫ్‌తో ఇంకో చిక్కు. మేము చెకింగ్ స్క్రిప్టు ఫైలుకే టామ్‌క్యాట్_చెక్ అని పేరు పెట్టుకున్నాం. పీగ్రెప్ తనను వదిలేసింది, తనను పిలిచిన స్క్రిప్టును వదల్లేదు. సర్వీసు పడిపోయాక కూడా అంతా బాగుందనే రిపోర్టు. క్రాన్‌లో (టైము ప్రకారం కమాండ్లు నడిపేది) నేరుగా రాసిన లైనుకూ ఇదే గతి పట్టొచ్చు, ఎందుకంటే క్రాన్ ఆ లైను మొత్తాన్ని ఎస్‌హెచ్ -సీ కి (అంటే షెల్‌కు) ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది. క్రాన్ లైనుకు బ్రాకెట్ల చిట్కా చాలు. స్క్రిప్టు పేరే తగులుతుంటే వెతికే పేరు మార్చాలి: టామ్‌క్యాట్ మెయిన్ క్లాసు (జావా ప్రోగ్రాము మొదలయ్యే చోటు) పేరులోని ‘కాటలినా డాట్ స్టార్టప్ డాట్ బూట్‌స్ట్రాప్’ భాగం ఇస్తే (ఇందులో బూట్‌స్ట్రాప్ మొదటి అక్షరం మాత్రం పెద్దది) స్క్రిప్టు పేరుకు తగలదు.

సమస్య: నెలల తరబడి బాగా నడిచిన స్క్రిప్టు, రీబూట్ అవగానే పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఖాళీగా ఇస్తోంది

పీఎస్ -ఈఓ పీఐడీ,ఆర్గ్స్ లిస్టులోంచి గ్రెప్‌తో లైను పట్టుకుని, కట్ -డీ' ' -ఎఫ్1 తో మొదటి ముక్క తీసే స్క్రిప్టు అనుకోండి. పీఎస్ పీఐడీని కుడివైపుకు జరిపి అచ్చు వేస్తుంది. పీఐడీ గరిష్ఠం 32768 ఉన్న మెషీన్లో ఆ కాలమ్ వెడల్పు 5 అంకెలు. చాలాకాలంగా ఆన్‌లో ఉన్న మెషీన్లో పీఐడీ 28114 లాంటిది, ముందు ఖాళీ ఉండదు, కట్ సరిగ్గా తీస్తుంది. రీబూట్ అయ్యాక అదే సర్వీసుకు 812 వచ్చిందా, ముందు రెండు స్పేసులు చేరతాయి. కట్ దృష్టిలో మొదటి స్పేసుకు ముందున్నదే మొదటి ముక్క, అక్కడేమీ లేదు. సర్వీసును ఆపి మళ్ళీ లేపేటప్పుడు కిల్‌కు (ప్రాసెస్‌ను ఆపే కమాండ్) ఖాళీ అందుతుంది, పాత ప్రాసెస్ ఆగదు, కొత్తది లేవబోతే పోర్టు ఖాళీ లేదంటుంది. మీరేమో పోర్టు సెట్టింగుల్లో పడి వెతుకుతుంటారు.

టీఆర్ -ఎస్ తో స్పేసులు కుదించడం సగం వైద్యమే, ముందు ఒక స్పేసు మిగిలే ఉంటుంది. ఆక్ (awk) కమాండ్‌లో $1, అంటే మొదటి ముక్క, అడగండి, ముందున్న స్పేసులను అది లెక్కచేయదు. హెడింగ్ లైను కూడా వద్దనుకుంటే పీఐడీ=, ఆర్గ్స్= అని ప్రతి పేరు పక్కనా సమానం గుర్తు పెట్టండి. ఒక్కో కాలమ్‌కు విడిగా ఒక్కో -ఓ ఇవ్వడం మంచిది. తర్వాత టెయిల్‌తో మొదటి లైను నరకనక్కర్లేదు.

-ఈఎఫ్ లిస్టులో ఎనిమిదో కాలమ్, తొమ్మిదో కాలమ్ అని లెక్కపెట్టి కోయడం ఇంకా ప్రమాదం. యూనిక్స్ రకాలైన పాత సొలారిస్‌లో, ఏఐఎక్స్‌లో ఒకరోజు దాటిన ప్రాసెస్‌కు మొదలైన టైము బదులు ‘జూన్ 12’ లాగా మధ్యలో స్పేసుతో తేదీ వస్తుంది. కాలమ్స్ అన్నీ ఒకటి పక్కకు జరిగిపోతాయి.

సమస్య: కమాండ్ లైను మధ్యలో తెగిపోతోంది

జావాలో క్లాస్‌పాత్ (లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పొడుగు జాబితా) ముందు, మెయిన్ క్లాసు చివర ఉంటాయి. తెగేది చివర కాబట్టి మనకు కావాల్సిందే పోతుంది. ముందు పీఎస్‌కు -డబ్ల్యూడబ్ల్యూ (వెడల్పు పరిమితి వద్దనే ఆప్షన్) ఇచ్చి చూడండి. అయినా తెగుతుంటే కెర్నల్ వెర్షన్ చూడండి. లైనక్స్ 4.2 కంటే ముందు, ప్రాసెస్ ఆర్గ్యుమెంట్లను కెర్నల్ ఒక పేజీ మేరకే, అంటే మామూలుగా 4096 బైట్లే బయటికి చూపించేది. ఎన్ని డబ్ల్యూలు పెట్టినా లాభం లేదు. అక్కడ జావా ప్రాసెస్‌ల లిస్టు ఇచ్చే జేపీఎస్ -ఎల్ వాడితే మెయిన్ క్లాసు పూర్తి పేరుతో వస్తుంది, కాకపోతే ఆ జావా ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ యూజర్‌గానో, రూట్‌గానో నడపాలి.

సమస్య: యూజర్ పేరుతో గ్రెప్ చేస్తే ఏమీ రావట్లేదు

పేరు ఎనిమిది అక్షరాలు దాటి ఉంటుంది. అప్పుడు లైనక్స్ పీఎస్ పేరు బదులు నంబరైనా వేస్తుంది, లేదా తుంచి చివర ప్లస్ గుర్తైనా పెడుతుంది. గ్రెప్ మానేసి, పీఎస్ -యూ పక్కన ఆ యూజర్ పూర్తి పేరు ఇవ్వండి.