పంచరత్న బృందగానానికి ముందు విద్యార్థి పాటించవలసిన జాగ్రత్తలు

పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కీర్తనలను బృందంతో కలిసి పాడబోయే విద్యార్థి, గురువుగారి వద్ద తాను పాడే శ్రుతే (ఆధార స్వరస్థాయి) అక్కడా ఉంటుందని అనుకోకూడదు. స్త్రీలు సాధారణంగా 5 శ్రుతికి (హార్మోనియంపై G మెట్టు), పురుషులు 1 శ్రుతికి (C మెట్టు) అటూ ఇటూగా పాడతారు కనుక, బృందం నిర్ణయించిన శ్రుతిని ముందే తెలుసుకొని కనీసం వారం రోజులు తంబూరాతో ఆ శ్రుతిలోనే సాధన చేయాలి.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఈ ఐదు కీర్తనలూ ఆదితాళంలోనే ఉన్నప్పటికీ, స్వరం పాడిన వెంటనే సాహిత్యం అందుకొనే చరణాల వద్ద ఎక్కువమంది తడబడతారు. మొదటి ఏడాది నేనూ అక్కడే దారి తప్పాను. అందుచేత చరణాల క్రమాన్ని కాగితంపై రాసుకొని, చేత్తో తాళం వేస్తూ కంఠస్థం చేయాలి. వరాళిని గురువు నేరుగా నేర్పకూడదన్న నమ్మకం కొందరిలో ఉన్నందున, ఆ కీర్తనను విని నేర్చుకోవడానికి అదనపు సమయం ఉంచుకోవాలి.

ముందురోజు గట్టిగా అరవకూడదు, నిద్ర తగ్గకూడదు.

పక్కవారి గొంతు మనకు వినిపించేంత మెల్లగానే పాడాలి. ఎక్కడైనా తప్పిపోతే ఊహించి పాడక, తాళం వేస్తూ మౌనంగా ఉండి, చరణం తరువాత తిరిగి వచ్చే ఎత్తుగడ పంక్తి వద్ద బృందంతో కలవాలి.