కప్పడోకియాలో బెలూన్ ఎక్కేముందు

టర్కీలోని కప్పడోకియా వెళ్తుంటే అక్కడి గోరెమే ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఉండండి, వేడిగాలి బెలూన్ మాత్రం మొదటి ఉదయానికే బుక్ చేయండి. గాలి ఎక్కువైతే పౌర విమానయాన అధికారులు ఆ పూట ఎవర్నీ ఎగరనివ్వరు. మర్నాటికి మార్చుకునే వీలుండాలి.

తెల్లవారుజామున చలి కొరికేస్తుంది, స్వెటర్ తప్పదు. టోపీ కూడా పెట్టుకోండి, బెలూన్‌లో గాలిని వేడిచేసే బర్నర్ సెగ నేరుగా నడినెత్తికి తగులుతుంది. పైకి లేచాక నాకైతే టెన్షన్ అంతా పోయింది. బెలూన్ గాలితోపాటే పోతుంది కాబట్టి మొహానికి గాలి దాదాపు తగలదు. బర్నర్ ఆపితే కింద ఊళ్లో కుక్కల అరుపులు కూడా వినిపిస్తాయి.

అసలు జాగ్రత్త దిగేటప్పుడే. ఫోన్ జేబులో పెట్టేయండి. బుట్ట వెళ్లే దిక్కుకు వీపు పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, లోపలి తాడు పిడులు రెండు చేతులా పట్టుకోండి. బుట్ట పక్కకు ఒరిగినా చెయ్యి బయట పెట్టొద్దు. పైలట్ చెప్పేదాకా ఒక్కరూ దిగకూడదు, బరువు తగ్గితే బెలూన్ మళ్లీ లేస్తుంది. 2013 ఫిబ్రవరి 26న ఈజిప్టులోని లక్సర్‌లో ఒక బెలూన్ దిగుతుండగా మంటలంటుకుని 19 మంది చనిపోయారు.

గర్భిణులు, నడుం లేదా మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కొద్దు. మా అమ్మను అందుకే ఎక్కించలేదు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో బెలూన్ ప్రమాదం కవర్ అవుతుందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.