పిల్లలందరినీ కూర్చోబెట్టి రాకెట్ ప్రయోగం లైవ్ చూపించాలంటే ఏం చేయాలి

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగురుతుందంటే నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి పండగే. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగేటప్పుడు మొదటిసారి అందర్నీ కింద కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టాం. నాలుగేళ్ళ బుడ్డోడి నుంచి పదో తరగతి అమ్మాయి దాకా ఇరవై మంది. ల్యాండర్ 6 గంటల 4 నిమిషాలకి క్షేమంగా దిగింది, తప్పు చేసింది మేము. హడావిడిలో సెర్చ్‌లో పైన కనిపించిన లైవ్ ఏదో నొక్కేశాం, పక్కన చాట్ పరుగెడుతుంటే పట్టించుకోలేదు. చదవడం బాగా వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి తెర మీద కదిలే ప్రతి లైనూ గట్టిగా చదువుతోంది, అలా చదువుతూ చదువుతూ ఒక బూతు మాట కూడా అదే గొంతుతో చదివేసి "అంటే ఏంటి ఆంటీ?" అని నన్నడిగింది. పెద్దవాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఆ తర్వాత చాలా ప్రయోగాలు చూపించాం. ఇప్పుడు ఎవరైనా "మా కాలనీలో కూడా పెడదామనుకుంటున్నాం, ఏం చేయాలి" అని అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే: రాకెట్ వల్ల పిల్లలకి ఏమీ కాదు, రాకెట్ చుట్టూ తెర మీద వచ్చేవాటితోనే జాగ్రత్త. రిమోట్ ఎవరో ఒక పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి, వాళ్ళు ఆ గంట సేపు వేరే పని పెట్టుకోకూడదు. టీ పోయడం, ఫొటోలు తీయడం, వచ్చినవాళ్ళని పలకరించడం ఇవన్నీ ఇంకొకళ్ళు చూసుకోవాలి.

అసలు లైవ్ ఏది, దొంగ లైవ్ ఏది

ఇదే అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పెద్ద ప్రయోగం ఏదైనా ఉంటే ఆ పేరుతోనే బోలెడు ఛానెళ్ళు "లైవ్" అని పెట్టేస్తాయి. కొన్ని పాత ప్రయోగం వీడియోనే తిప్పుతుంటాయి. కొన్ని యానిమేషన్ వేసి అదే నిజం అన్నట్టు చూపిస్తాయి. ఇంకొన్ని అసలు మోసానికే పెట్టినవి. స్పేస్‌ఎక్స్ ప్రయోగాలప్పుడు ఇలాంటివి చాలాసార్లు బయటపడ్డాయి: హ్యాక్ చేసిన ఛానెల్లో ఎలాన్ మస్క్ మాట్లాడుతున్నట్టు నకిలీ వీడియో వేసి, మూలన ఒక క్యూఆర్ కోడ్ పెట్టి, ఇక్కడికి క్రిప్టో పంపితే రెట్టింపు చేసి ఇస్తాం అంటారు. ఇప్పుడు మన పిల్లలకి క్యూఆర్ కోడ్ కనిపిస్తే స్కాన్ చేయడం కొట్టిన పిండి, కిరాణా కొట్లో రోజూ చేస్తున్నదే కదా. అందుకని ముందే చెప్పండి, తెర మీద ఏ కోడ్ కనిపించినా ఎవరూ ఫోన్ ఎత్తకూడదని. ఒకవేళ ఎవరి ఫోన్ నుంచైనా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

కాబట్టి సెర్చ్ చేయకండి. ఇస్రో సొంత వెబ్‌సైట్ తెరిచి, అక్కడిచ్చిన లింకు నొక్కి దాని యూట్యూబ్ ఛానెల్‌కి వెళ్ళండి. పిల్లలు వచ్చాక హడావిడిగా కాదు, ముందు రోజే తెరిచి సేవ్ చేసి పెట్టుకోండి. దూరదర్శన్‌లో వస్తే అది ఇంకా నిశ్చింత, నెట్ గోల కూడా లేదు. న్యూస్ ఛానెళ్ళు మాత్రం పిల్లలకి వద్దనే అంటాను. రాకెట్ ఒక మూలన చిన్న డబ్బాలో ఉంటుంది, కింద స్క్రోలింగ్‌లో హత్యలు, యాక్సిడెంట్లు పోతుంటాయి, మధ్యలో ప్రకటనలు.

లింకు దొరికాక చేయాల్సినవి ఇంకో నాలుగున్నాయి. చాట్ మూసేయండి, వీడియో ఫుల్ స్క్రీన్‌లో పెట్టండి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేస్తే కామెంట్లు కూడా కనబడవు. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే లైవ్ అయిపోయి పెద్దవాళ్ళు కబుర్లలో పడగానే తర్వాతి వీడియో దానంతటదే మొదలవుతుంది, అది ఏమొస్తుందో చెప్పలేం. ఇక ఫోన్‌ని టీవీకి మిర్రర్ చేయకండి. మీకు వచ్చిన ప్రతి వాట్సాప్ మెసేజూ, బ్యాంకు ఓటీపీతో సహా, నలభై మూడు అంగుళాల మీద హాలంతా చదువుతుంది. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టడం మేలు, అది కూడా నోటిఫికేషన్లు ఆపేసి. ఫోనే గతి అయితే డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి.

కరెంటు, నెట్, తీగలు

రౌటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి. టీవీ ఇన్వర్టర్ మీద ఉండి రౌటర్ లేకపోతే కరెంటు పోయినప్పుడు ఏం లాభం? మొబైల్ డేటా బ్యాకప్‌గా పెట్టుకుంటే 720పీలో గంటకి ఒకటి, ఒకటిన్నర జీబీ అవుతుంది, చాలు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పిల్లలు నడిచే దారిలో వద్దు, తీగని గోడ వారగా తిప్పి టేపు వేయండి. గుండ్రటి బటన్ బ్యాటరీ ఉండే చిన్న రిమోట్లు, లేజర్ లైట్లు చిన్నపిల్లలకి అందకుండా ఉంచాలి, ఆ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం.

తినడానికి మరమరాల మిక్చర్, అరటిపళ్ళు, మజ్జిగ చాలు. ఐదేళ్ళ లోపు పిల్లలకి వేరుశనగ గింజలు, పాప్‌కార్న్, గుండ్రంగా ఉండే ద్రాక్షపళ్ళు ఇవ్వకండి. చీకట్లో తెర చూస్తూ, అరుస్తూ తింటారు, గొంతులో అడ్డం పడేది సరిగ్గా అలాంటప్పుడే. ఎవరికి ఏది పడదో తల్లుల్ని ముందే అడగండి.

ఎదురుచూపుకి సిద్ధం చేయడం

సినిమాకీ లైవ్‌కీ ఉన్న తేడా పిల్లలకి ముందే తెలియాలి. చెప్పిన టైముకి ఎగరొచ్చు, ఎగరకపోవచ్చు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ మొదటి పరీక్షా ప్రయోగం, టీవీ-డీ1, పొద్దున 8 గంటలకి అన్నారు. దసరా సెలవులు, పిల్లలు ఏడున్నరకే స్నానాలు చేసి వచ్చేశారు. 8:30 అన్నారు, తర్వాత 8:45 అన్నారు. సరే, కౌంట్‌డౌన్ దగ్గరికొచ్చింది, అందరూ లేచి నిలబడి తెరతో పాటు లెక్కపెడుతున్నారు, ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు... ఆగిపోయింది. కంప్యూటరే ఏదో తేడా పసిగట్టి ఆపేసింది. నాలుగేళ్ళ వాడు మాత్రం ఒక్కడే "నాలుగు, మూడు" అని చివరిదాకా చెప్పి, మా వైపు చూశాడు. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. చివరికి 10 గంటలకి ఎగిరింది. అప్పటిదాకా ఆ పిల్లల్ని ఆపగలిగామంటే చేతిలో ఏదో ఒక పని ఉండబట్టే.

కాబట్టి ఆ పని ముందే తయారు చేసుకోండి. మేం ఏం చేస్తామంటే ఒక చార్టు మీద రాకెట్ బొమ్మ గీసి, ఏ భాగం ఎప్పుడు విడిపోతుందో ఖాళీలు వదిలి పెడతాం. పీఎస్ఎల్వీ రాకెట్ అయితే నాలుగు దశలు, వాటిలో ఇంధనం వరసగా ఘనం, ద్రవం, ఘనం, ద్రవం. ఎల్వీఎం3 అయితే పక్కనున్న రెండు లావు స్ట్రాప్-ఆన్‌లే ముందు మండుతాయి, దాదాపు రెండు నిమిషాల తర్వాత గానీ మధ్యలో ఇంజిన్లు అందుకోవు, ఆ తర్వాత పైన క్రయోజెనిక్ దశ, అంటే బాగా చల్లబరిచిన ద్రవ ఇంధనంతో నడిచేది. ఒక్కొక్క దశకీ ఒక్కొక్క పిల్లని కాపలా పెట్టండి. "నీ దశ విడిపోగానే టైము రాయాలి" అంటే ఇక తెర మీంచి కన్ను తిప్పరు. ఇస్రో వ్యాఖ్యానం ఇంగ్లిష్, హిందీల్లో వస్తుంది, అందుకని కాస్త చదువుకున్న పెద్ద పిల్లలెవరైనా సౌండు తగ్గించి తెలుగులో చెప్పేలా చూడండి. మా దగ్గర ఆ పదో తరగతి అమ్మాయే చెప్పేది. "పెర్‌ఫార్మెన్స్ నార్మల్" అన్న మాట వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాలని చిన్నవాళ్ళకి నేర్పింది కూడా తనే. లైవ్ మామూలుగా అరగంట ముందే మొదలవుతుంది, కానీ చిన్నవాళ్ళని పది పదిహేను నిమిషాల ముందు కూర్చోబెడితే సరిపోతుంది. ఉపగ్రహం విడిపోయాక వచ్చే ప్రసంగాలకి వాళ్ళని కట్టేయొద్దు, వెళ్ళి ఆడుకోమనండి.

డాబా మీదికి వెళ్ళేవాళ్ళకి

నెల్లూరు, తిరుపతి, గూడూరు, సూళ్ళూరుపేట, చెన్నై వాళ్ళకి ఇంకో అదృష్టం ఉంది. ఆకాశం తేటగా ఉంటే రాకెట్ కంటికే కనిపిస్తుంది. నెల్లూరు నుంచి దక్షిణం వైపు, తిరుపతి నుంచి తూర్పు వైపు, చెన్నై నుంచి ఉత్తరం వైపు చూడాలి. నెట్‌లో వచ్చే లైవ్ ఎప్పుడూ కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా ఆలస్యం. అంటే తెర మీద ఇంకా కౌంట్‌డౌన్ నడుస్తుండగానే నిప్పు ముద్ద చెట్ల మీంచి పైకి లేస్తుంది. మొదటిసారి మా పిల్లలు "టీవీలో ఇంకా ఎగరలేదే!" అని వాదించారు. ఆలస్యం ఎందుకొస్తుందో, ఆ బొమ్మ ఎన్ని చేతులు మారి మన ఇంటికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. సూళ్ళూరుపేటలో ఉన్నవాళ్ళైతే వెలుగు కనిపించాక చప్పుడు వచ్చేదాకా పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టించండి. కిలోమీటరుకి మూడు సెకన్ల లెక్కన శబ్దం వస్తుంది కాబట్టి దాదాపు నిమిషం పడుతుంది.

కానీ డాబా అంటే నాకు భయం, దాచుకోను. పైకి చూస్తూ వెనక్కి నడిచే పిల్లకి పిట్టగోడ ఎక్కడుందో తెలీదు. అందుకని పైకి వెళ్ళేది పెద్దవాళ్ళు ఉంటేనే, ప్రతి నలుగురు పిల్లలకీ ఒకళ్ళు, ఆ ఒకళ్ళు రాకెట్ కాదు, పిల్లల్ని చూడాలి. మేం సుద్దముక్కతో గోడకి నాలుగడుగుల ఇవతల గీత గీసి, అది దాటొద్దంటాం. వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కనివ్వకండి. పొద్దున పూట ప్రయోగమైతే తూర్పు వైపు చూసేవాళ్ళు బైనాక్యులర్స్ వాడకూడదు. రాకెట్ని వెతుకుతూ అది సూర్యుడి మీదికి తిరిగితే కంటికి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది.

ఫొటోలు, వీడియో కాల్స్

పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు వాళ్ళ అమ్మానాన్నల్ని అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి. మీ హాల్లో సందడిని మీరు మళ్ళీ లైవ్ పెట్టడం అసలే వద్దు. అమెరికాలో ఉన్న మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు వీడియో కాల్‌లో కలుస్తామంటే కలవనివ్వండి (చంద్రయాన్-3 దిగినప్పుడు న్యూజెర్సీలో పొద్దున 8 గంటల 34 నిమిషాలు, స్కూలు సెలవులే), కానీ ఆ లింకు గ్రూపుల్లో పెట్టకుండా విడిగా పంపండి, మీకు తెలిసినవాళ్ళు వస్తేనే లోపలికి రానివ్వండి. పేరు లేని ఫోన్ నంబర్ వచ్చి ఆగితే అది మా పెదనాన్నదే అయ్యుంటుందిలే అనుకోకండి, ఫోన్ చేసి కనుక్కోండి.

విఫలమైతే

ఇది కూడా జరుగుతుంది. 2025 మే 18 ఆదివారం, పొద్దున 5 గంటల 59 నిమిషాలకి పీఎస్ఎల్వీ-సీ61 చక్కగా లేచింది, మూడో దశలో తేడా వచ్చి ఉపగ్రహం కక్ష్యకి చేరలేదు. వేసవి సెలవుల్లో తెల్లవారుజామున లేచి వచ్చిన పిల్లలు. మూడో దశకి కాపలా ఉన్న కుర్రాడు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు, "నేను టైము రాయనా?" అని అడిగాడు. అలాంటప్పుడు టక్కున టీవీ కట్టేయడం, కార్టూన్ పెట్టడం చేయకండి. ఇస్రో ఛైర్మన్ వచ్చి పని పూర్తి కాలేదని చెప్పేదాకా ఉంచండి, పెద్దవాళ్ళు తప్పు జరిగిందని అందరి ముందు ఎలా ఒప్పుకుంటారో పిల్లలు చూడాలి. మేం ఆ రోజు వాళ్ళకి ఎస్ఎల్వీ-3 సంగతి చెప్పాం: 1979 ఆగస్టు 10న అబ్దుల్ కలాం గారి నాయకత్వంలో ఎగిరిన మొదటి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది, పత్రికల వాళ్ళ ముందుకి అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారే వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు, మరుసటేడు 1980 జూలై 18న అది గెలిచినప్పుడు మాట్లాడమని కలాం గారిని పంపారు. షార్‌కి, అంటే శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి, ధావన్ గారి పేరెందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది వాళ్ళకి. ఆ కుర్రాడు చార్టులో మూడో దశ ఎదురుగా "ఆగిపోయింది" అని రాశాడు, మేం దాన్ని చింపలేదు, ఇంకా హాల్లో గోడ మీదే ఉంది.

ఏడ్చే పిల్ల ఉంటే ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి.

చివరగా ఇళ్ళకి పంపడం. రాత్రి 10 గంటల ప్రయోగాలు కూడా ఉంటాయి, 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ అలాంటిదే. ఏ పిల్లని ఎవరు తీసుకెళ్తారో వచ్చేటప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి, వెళ్ళేటప్పుడు పేరు కొట్టేయండి. లిఫ్టు ఎక్కించి వదిలేయకుండా, తలుపు తీసి లోపలికి పిలుచుకున్నాకే వెనక్కి రండి.