కలుగు కనిపిస్తే ఆగని కుక్క: చిన్న టెర్రియర్‌ను అడవి జంతువుల పోట్లాటల నుంచి కాపాడుకోవడం ఎలా

మామిడితోటలోనో, ఊరి చివర ఫాంహౌస్‌లోనో జాక్ రస్సెల్, ఫాక్స్ టెర్రియర్ వంటి చిన్న టెర్రియర్‌ను పెంచేవారు మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. ఎదుటి జంతువు బలం చూసి వెనక్కి తగ్గడం ఈ కుక్కకు రాదు. మన ఊరకుక్క పాము బుసకొట్టగానే పది అడుగులు దూరం జరిగి అక్కడి నుంచి మొరుగుతుంది, అడవిపంది ఎదురు తిరిగితే పక్కకు తప్పుకుంటుంది. టెర్రియర్ మాత్రం ముందుకే పోతుంది. కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో దాని తరఫున నిర్ణయించవలసిన బాధ్యత పూర్తిగా యజమానిదే.

ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కుక్క మీద కోపం రాదు. టెర్రియర్ అనే పేరు నేల అనే అర్థమున్న ‘టెర్రా’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతంలో చర్చి పాస్టర్‌గా పనిచేసిన జాన్ రస్సెల్, అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో, 1819లో ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడు. జాక్ రస్సెల్ జాతికి మూలం ఆ కుక్కేనని చెబుతారు. నక్క కలుగులోకి దూరి, దానికి ఎదురుగా నిలబడి మొరిగి, బయటికి తరమడం వాటి పని. అందుకే ఛాతీ రెండు అరచేతుల చుట్టులో ఇమిడేంత సన్నగా, ఒళ్లు 5, 6 కిలోలకు మించకుండా చూసుకున్నారు. చీకటి కలుగులో యజమాని గొంతు వినిపించని చోట తనంతట తాను తెగించి నిలబడే కుక్కలనే ఏరి ఏరి పిల్లలు పెట్టించారు. అలాంటి కుక్క పందికొక్కు వెంట పడినప్పుడు మన పిలుపు వినలేదంటే అది పొగరు కాదు. దాన్ని కొట్టి ప్రయోజనం లేదు.

తోటను కుక్క కళ్లతో ఒకసారి తిరిగి చూడండి

కుక్కను వదలకముందు, గడ్డపార, టార్చిలైటు పట్టుకుని గట్లన్నీ ఒకసారి తిరగండి. తాజా మట్టి కుప్పగా పోసి ఉన్న కన్నాలు పందికొక్కులవి. బాగా ఎదిగిన పందికొక్కు కిలో బరువు దాటుతుంది, దాని ముందు పళ్లు ఉలి అంచులా ఉంటాయి, మూలకు నెట్టితే అది పారిపోదు. (ఇంగ్లీషులోని ‘బాండికూట్’ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది.) గడ్డివాము అడుగున, రాళ్ల కుప్పల్లో, కట్టెల మోపుల కింద, డ్రిప్ పైపులు చుట్టిపెట్టిన చోట ఎలుకలుంటాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. ఈ సామాను అంతటినీ నేల మీద నుంచి ఒక అడుగు ఎత్తున బల్లల మీదకు మార్చడం ఒక్క రోజు పని, కానీ దానివల్ల తప్పే ప్రమాదాలు చాలా.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు పుట్ట. నాగుపాము, ఉడుము రెండూ పుట్టలో చేరతాయి. టెర్రియర్ మూతి సరిగ్గా పట్టేంత కన్నం పుట్టకు ఉంటుంది. నాగులచవితికో నాగపంచమికో ఊరివాళ్లు పాలు పోసే పుట్టను తవ్వించడం ఎవరికీ ఇష్టం ఉండదు, తవ్వించవలసిన అవసరమూ లేదు. దాని చుట్టూ నాలుగు గజాల దూరంలో మూడడుగుల ఎత్తు ఇనుప జాలీ కట్టి, చిన్న తలుపు పెట్టి గడియ వేయండి. జాలీని ఒక అడుగు లోతున పాతి, కింది అంచును కుక్క తిరిగే వైపు నేలలో అడ్డంగా వంచాలి. అలా వంచకపోతే ఈ జాతి కుక్క ఒక్క పూటలో కింద నుంచి తవ్వుకుని లోపలికి పోతుంది. ప్రహరీ లేని తోటకు చుట్టూ వేసే కంచెకూ ఇదే పద్ధతి.

ముంగిస పగలు తిరిగినా, పందికొక్కు రాత్రి జంతువు, అడవిపందులు చీకటి పడ్డాక వేరుశనగ, మొక్కజొన్న చేలలోకి దిగుతాయి. అందువల్ల కుక్కను తాడు లేకుండా వదలడానికి ఎండ బాగా పడి నేల స్పష్టంగా కనిపించే వేళ మాత్రమే తగినది. వానాకాలంలో, గడ్డి మోకాలి ఎత్తు పెరిగినప్పుడు, పగలైనా వదలకండి. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది. అది చేసే బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరి చిమ్మినట్టు గట్టిగా వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న చోటే మీ అడుగు ఆగాలి.

ఇంకొక మాట. ఉడుము, ముంగిస, ముళ్లపంది, నక్క, పాములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. కుక్కను వాటి మీదికి ఉసిగొల్పడం నేరం. కుక్క ధైర్యం చూపించడానికి స్నేహితుల ముందు ముంగిసను తరిమించడం, ఆ వీడియో పంచుకోవడం నేను చూశాను. చట్టం మాట అటుంచి, ఒకసారి పట్టిన రుచి కుక్క మరిచిపోదు, తరువాతి సారి అక్కడ ఉండేది ముంగిస కాకపోవచ్చు.

పిలుపు నేర్పడం

జంతువు కనిపించాక పిలుపు నేర్పలేము. ఇంట్లో, వరండాలో, ఖాళీ పెరట్లో, తరువాత తోటలో అనే వరుసలో కొన్ని నెలల పాటు నేర్పాలి. నోటి మాట కోపంలో, భయంలో మారిపోతుంది కాబట్టి ఈల వాడటం మంచిది. ఈల వేసిన ప్రతిసారీ, కుక్క రాగానే, మామూలు బిస్కెట్ కాకుండా ఉడికించిన చికెన్ ముక్కో కాలేయం ముక్కో ఇవ్వాలి. ఆ ముక్క ఈలకు మాత్రమే దక్కాలి, మరెప్పుడూ ఇవ్వకూడదు. వచ్చిన కుక్కను వెంటనే గొలుసు వేసి లోపలికి లాక్కుపోతే మరుసటి వారానికి అది రావడం మానేస్తుంది, కాబట్టి ఐదుసార్లలో నాలుగుసార్లు ముక్క ఇచ్చి మళ్లీ ఆడుకోవడానికి వదిలేయండి. ‘వదులు’ అనే మాటను కూడా ఇలాగే, నోట్లో ఉన్న బొమ్మకు బదులుగా మాంసం ముక్క ఇస్తూ నేర్పాలి.

ఇంత నేర్పినా పందికొక్కు ఎదురుపడినప్పుడు ఈ పిలుపు పనిచేస్తుందని నేను నమ్మను. అందుకే ఛాతీకి తొడిగే హార్నెస్, దానికి 10 మీటర్ల తేలికపాటి తాడు నా తోటలో తప్పనిసరి. మెడ కాలర్‌కు ఇంత పొడుగు తాడు కట్టకూడదు, పరుగులో ఒక్కసారిగా ఆగితే మెడ దెబ్బతింటుంది. తవ్వే కోరిక తీరడానికి ఒక మూల ఇసుక గుంట చేసి, అందులో ఎముకలు, బొమ్మలు పాతిపెట్టండి. రోజుకు అరగంట అక్కడ తవ్విన కుక్క గట్ల వైపు చూడటం కొంత తగ్గుతుంది.

పోట్లాట మొదలైతే

చేయి పెట్టకండి. ఆ క్షణంలో మీ కుక్క కూడా మిమ్మల్ని గుర్తుపట్టదు. తోటలో నీళ్ల పైపు ఉంటే పూర్తి వేగంతో రెండింటి ముఖాల మీదా కొట్టండి. పైపు లేకపోతే రేకు డబ్బానో పళ్లాన్నో గట్టిగా మోగించండి. పందికొక్కు, ముంగిస వంటి చిన్న జంతువులైతే రెండింటి మధ్యకు పలకో, పాత తలుపు చెక్కో దించి, జంతువు పారిపోవడానికి ఒక వైపు దారి వదలండి. దారి మూసేస్తే అది చావుకు తెగించి కరుస్తుంది. కుక్క కొద్దిగా వెనక్కి తగ్గిన క్షణంలో హార్నెస్ పట్టు అందుకోండి, లేదా నడుము వెనుక రెండు కాళ్లూ కలిపి ఎత్తి వెనక్కి లాగండి. కుక్క పళ్లతో పట్టు బిగించి ఉన్నప్పుడు మాత్రం లాగకూడదు, ఇద్దరి గాయాలూ పెద్దవవుతాయి.

పాము అయితే దగ్గరికి వెళ్లి విడదీసే ఈ పద్ధతులేవీ పనికిరావు. మీరు కనీసం రెండు బారల దూరంలో ఉండి, తాడు చివర దొరికితే తాడుతో లాగండి, లేకపోతే దూరం నుంచి నీళ్లు కొట్టండి. కర్ర పట్టుకుని పాము మీదికి పోయినవారు తామే కాటు తిన్న సందర్భాలున్నాయి.

కుక్క కలుగులోకి దూరి రాకపోతే వెంటనే గడ్డపార వేయకండి. కప్పు కూలితే అది ఊపిరాడక చనిపోతుంది. మనుషులందరినీ దూరంగా పంపి, నేలకు చెవి ఆనించి ఎక్కడ మొరుగుతోందో వినండి. చాలాసార్లు చుట్టూ నిశ్శబ్దం అయ్యాక తనంతట తానే వస్తుంది. తవ్వక తప్పకపోతే దాని తలకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, చివరి అడుగు చేతులతో తవ్వాలి.

చిన్న గాయమే ఎక్కువ భయపెట్టాలి

రెండేళ్ల కిందట మా కుక్క గట్టు మీద పందికొక్కును చంపి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఒళ్లంతా తడిమి చూస్తే చెవి వెనుక కందిగింజంత రంధ్రం ఒక్కటే కనిపించింది, రక్తం కూడా ఆగిపోయింది. పసుపు అద్ది ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున అన్నం ముట్టలేదు. మెడ పక్క నిమ్మకాయంత వాపు, ముట్టుకుంటే వేడిగా ఉంది. డాక్టర్ ఆ రంధ్రంలో సన్నని పరికరం పెడితే అది చర్మం కింద వేలు పొడుగునా లోపలికి పోయింది. ఆ సంచి నిండా చీము ఉంది. నేను అద్దిన పసుపు పైకి పొరలా కట్టి ఆ చీమును లోపలే ఉంచేసింది. ఇది నా పొరపాటు, దానికి బాధ అనుభవించింది కుక్క.

అందువల్ల పోట్లాట తరువాత, రక్తం కనిపించినా కనిపించకపోయినా, చేతికి గ్లోవ్స్ వేసుకుని వెంట్రుకలకు ఎదురు దిశలో వేళ్లతో ప్రతి అంగుళం వెతకండి. చెవుల వెనుక, చంకల్లో, తొడల లోపల, దవడ కింద తప్పక చూడండి. దొరికిన ప్రతి రంధ్రాన్నీ ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌ను తగ్గించే మొదటి చికిత్స ఇదే. పసుపు, సున్నం, కిరసనాయిలు, కాఫీపొడి ఏవీ పెట్టకండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు వేయడం కుక్కకు విషం పెట్టడంతో సమానం.

6 కిలోల కుక్క ఒంట్లో ఉండేది సుమారు అర లీటరు రక్తమే. మనకు కొద్దిగా అనిపించే రక్తం దానికి ప్రాణాపాయం. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట 2 సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగుళ్లు పాలిపోయి ఉన్నా, ఊపిరి పొట్టతో తీస్తున్నా ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. అడవిపంది కోర తగిలి పేగు బయటికి వస్తే దాన్ని లోపలికి నెట్టకూడదు, శుభ్రమైన తడిగుడ్డ కప్పి, చుట్టూ వదులుగా కట్టి తీసుకువెళ్లాలి. ఛాతీలో రంధ్రం నుంచి గాలి చప్పుడు వస్తే దాని మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవరు ముక్క అదిమిపెట్టండి. ముళ్లపంది ముళ్లను ఇంట్లో పీకవద్దు, విరిగిన ముక్క లోపలే తిరుగుతుంది.

పాము కాటు ఎక్కువగా మూతి మీదో ముందరి కాలి మీదో పడుతుంది. వాపు గొంతు బిగించకుండా వెంటనే కాలర్, హార్నెస్ తీసేయండి, మూతికి ఏదీ కట్టకండి, కుక్కను నడిపించకుండా ఎత్తుకునే కారు దాకా వెళ్లండి. కోయడం, పీల్చడం, తాడు బిగించడం, ఐసు పెట్టడం అన్నీ నష్టమే. రక్తపింజర కాటుకు వాపు వేగంగా పెరుగుతుంది, చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు. నాగుపాము కాటుకు కుక్క తూలుతుంది, రెప్పలు వాలతాయి, చొంగ కారుతుంది. కట్లపాము కాటుకు గుర్తే కనిపించకపోవచ్చు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో దొరికే యాంటీ వెనమ్ ఒకటే. మోతాదు ఒంట్లోకి పోయిన విషాన్ని బట్టి ఉంటుంది, కుక్క చిన్నదని తగ్గదు. చాలా పశువైద్యశాలల్లో ఇది నిల్వ ఉండదు. కాబట్టి ఈ వారంలోనే మీ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఉంది, రాత్రి ఎవరు తలుపు తీస్తారు అన్నది ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబర్లు తలుపు వెనుక రాసి అంటించండి.

తరువాతి రోజులు

రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నా, అడవి జంతువు కరిచినప్పుడు మళ్లీ డోసులు వేయించాలి, ఎన్ని అన్నది డాక్టర్ చెబుతారు. విడదీసేటప్పుడు మీ చేతికి గీత పడినా మీరూ టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితంగా ఇస్తారు. పందికొక్కుల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకుతుంది. వారం, పది రోజుల్లో జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే పోట్లాట సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. కుక్కకు సోకితే ఇంట్లో మనుషులకూ రావచ్చు.

కుక్క పందికొక్కును తిన్నట్టు అనుమానం ఉంటే పొరుగు పొలాల్లో ఎలుకల మందు పెట్టారేమో ఆ రోజే అడగండి. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే వాంతులు మొదలవుతాయి, దానికి విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ అయితే మూడు నుంచి ఐదు రోజుల వరకు కుక్క మామూలుగానే తిరిగి, తరువాత లోపల రక్తస్రావం అవుతుంది, ముందే తెలిస్తే విటమిన్ కె1 తో కాపాడవచ్చు. మందు ప్యాకెట్ దొరికితే దాన్నే డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్లండి.

గాయం మానే వరకు రోజూ రెండుసార్లు విప్పి చూడాలి, ఈగ వాలితే ఒక్క రోజులో పురుగు పడుతుంది. మానిన తరువాత కుక్కను మొదటిసారి తోటలోకి తీసుకువెళ్లినప్పుడు అది నేరుగా తాను దెబ్బతిన్న కలుగు దగ్గరికే పరుగెడుతుంది, మా కుక్క అలాగే చేసింది. కాబట్టి ముందు రోజు సాయంత్రం ఆ కలుగు నోట్లో వదులుగా ఆకులు పెట్టి, పొద్దున అవి కదలకుండా ఉంటే లోపల ఏదీ లేదని తెలుసుకుని, రాళ్లు, మట్టి కొట్టి మూసేయండి. ఆకులు బయటికి నెట్టి ఉంటే ఆ వారం కుక్కను తాడు మీదే, తోట రెండో వైపు తిప్పండి.