అదనపు టీకా శిబిరాలు ఎక్కడ పెట్టాలి? మ్యాప్‌ను, లెక్కలను కలిపి తేల్చే పద్ధతి

ముందు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. "ఆరోగ్య పరిస్థితిని మ్యాప్ మీద చూపాలి" అనుకుంటే పని ఎక్కడ ఆపాలో తెలియదు. "వచ్చే మూడు నెలల్లో తట్టు టీకా రెండో డోసుకు ఆరు అదనపు శిబిరాలు పెట్టగలం, ఏ ఊళ్లలో పెట్టాలి?" అని రాస్తే ఏ డేటా కావాలో, ఏది అక్కర్లేదో వెంటనే తేలిపోతుంది. ఇక్కడ ఈ ఉదాహరణనే తీసుకున్నాం. విరేచనాల కేసులకైనా, గర్భిణుల పరీక్షలకైనా దారి ఇదే.

కావాల్సినవి

ఊరివారీగా టీకా లెక్కలు, అదే వయసు పిల్లల జనాభా, ఊళ్ల సరిహద్దుల ఫైలు, ఆరోగ్య కేంద్రాల జీపీఎస్ బిందువులు. రోడ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి. మ్యాప్‌కు క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, లెక్కలకు స్ప్రెడ్‌షీట్ లేదా ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్, చిన్న ఊళ్ల రేట్లు సరిదిద్దడానికి జియోడా సాఫ్ట్‌వేర్ చాలు. క్యూజీఐఎస్, ఆర్, జియోడా మూడూ ఉచితమే.

పట్టికను బాగుచేయడం

ఎక్కువ సమయం తినేది ఇదే, తొందరపడితే తర్వాత ప్రతి అడుగూ తప్పుతుంది. ఒక ఊరికి ఒకే వరుస ఉండాలి. పట్టికను మ్యాప్‌తో ఊరి పేరుతో కలపకండి, కోడ్‌తో కలపండి. పేరులో ఒక్క అక్షరం మారినా, మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా జత కుదరదు. కోడ్‌లతోనూ ఒక చిక్కుంది: స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిస్తే 00417 కాస్తా 417 అయిపోతుంది. అందుకే దిగుమతి చేసేటప్పుడే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా ఎంచుకోండి. ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో దాచండి, లేకపోతే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారతాయి.

ఖాళీ గడినీ సున్నానూ ఒకటిగా చూడొద్దు. సున్నా అంటే ఒక్కరికీ వేయలేదని, ఖాళీ అంటే నివేదికే రాలేదని. నివేదిక రాని ఊళ్లకు మ్యాప్ మీద బూడిద రంగు కేటాయించండి. ఆ రంగు గుంపుగా కనిపిస్తే అక్కడ సిబ్బంది కొరతో, నమోదులో లోపమో ఉండొచ్చు. అసలు అవసరం అక్కడే ఎక్కువ కావచ్చు కూడా.

ఏ ఊళ్లోనైనా టీకా 100 శాతం దాటిందా? జనాభా లెక్క పాతదై ఉంటుంది, లేదా పక్క ఊళ్ల పిల్లలు అక్కడికొచ్చి వేయించుకుని ఉంటారు. దాన్ని 100కు కుదించేయకుండా గుర్తు పెట్టి, కారణం కనుక్కోండి.

మ్యాప్‌తో జత చేయడం

క్యూజీఐఎస్‌లో సరిహద్దుల లేయర్ (మ్యాప్‌లోని ఒక పొర) ప్రాపర్టీస్ తెరిచి, జాయిన్స్‌లో కోడ్ నిలువు వరుసను ఎంచుకోండి. అయ్యాక జత కుదరని వరుసలు ఎన్నో లెక్కపెట్టి, ఒక్కొక్కటీ సరిచేయండి. ఫలితాన్ని షేప్‌ఫైల్‌ అనే పాత మ్యాప్ ఫైలు రకంగా కాక జియోప్యాకేజ్‌ రకంగా దాచండి. షేప్‌ఫైల్ నిలువు వరుసల పేర్లను 10 అక్షరాలకు కత్తిరిస్తుంది, తర్వాత ఏది ఏమిటో గుర్తుపట్టలేం.

ఆరోగ్య కేంద్రాల బిందువులు కొన్ని సముద్రంలో తేలితే కంగారు అక్కర్లేదు. అక్షాంశం, రేఖాంశం తారుమారై ఉంటాయి. ఆఫ్రికా పక్కనున్న గినియా సింధుశాఖలో పడ్డవైతే విలువలు నమోదు కాక 0, 0గా వచ్చినవి.

దూరం కొలిచే ముందు లేయర్లను ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ రేఖాంశాల పద్ధతి) నుంచి మీటర్లలో కొలిచే యూటీఎమ్ జోన్‌ పద్ధతికి మార్చండి. 4326లో కొలత డిగ్రీల్లో ఉంటుంది. అక్కడ బఫర్‌కు (బిందువు చుట్టూ గీసే వలయానికి) 5 అని ఇస్తే 5 కిలోమీటర్ల వలయం రాదు, 5 డిగ్రీలది వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఒక్క డిగ్రీయే దాదాపు 111 కిలోమీటర్లు.

రేటు, సంఖ్య: రెండూ చూడాలి

ఒక ఊళ్లో 40 మంది పిల్లలుంటే 20 మందికి టీకా పడలేదు, అంటే 50 శాతం. మరో ఊళ్లో 900 మందికి గాను 180 మందికి పడలేదు, అంటే 20 శాతం. రేటు మ్యాప్‌లో మొదటి ఊరు ముదురుగా కనిపిస్తుంది. కానీ ఒక్క శిబిరంతో ఎక్కువమంది పిల్లలను చేరగలిగేది రెండో ఊళ్లో. అందుకే ఊరి రంగుతో రేటును, దాని మీద వలయం పరిమాణంతో టీకా పడని పిల్లల సంఖ్యను చూపండి.

బాగా చిన్న ఊళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 8 మందిలో 4గురికి పడకపోయినా 50 శాతమే, కానీ విల్సన్ అనే గణాంక పద్ధతిలో దాని 95 శాతం విశ్వాస అవధి (అసలు రేటు ఉండగల హద్దులు) సుమారు 21 నుంచి 79 దాకా సాగుతుంది. 900లో 180కి అది 17 నుంచి 23 మధ్యే. అంటే చిన్న ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు అటూ ఇటూ అయితే రంగే మారిపోతుంది. రెండు మూడేళ్ల లెక్కలు కలపండి, లేదా జియోడాలో ఎంపిరికల్ బేయిస్ స్మూతింగ్ వాడండి. చిన్న ఊళ్ల రేట్లను అది మొత్తం సగటు వైపు లాగుతుంది, పెద్ద ఊళ్లను దాదాపు కదపదు.

రంగులు నాలుగైదు తరగతులకు మించకూడదు, హద్దులు మీరే నిర్ణయించండి. ప్రతి రంగుకూ సమాన సంఖ్యలో ఊళ్లను పంచే క్వాంటైల్ పద్ధతికి వదిలేస్తే ప్రతిసారీ హద్దులు మారతాయి, పరిస్థితి మెరుగుపడినా మ్యాప్‌లో అంతే ఎరుపు కనిపిస్తుంది.

దూరం కలపడం, తేల్చడం

సరళరేఖ దూరాన్ని నమ్మొద్దు. మధ్యలో వంతెన లేని వాగు ఉంటే 3 కిలోమీటర్లు కాస్తా 15 కావచ్చు. క్యూజీఐఎస్ నెట్‌వర్క్ అనాలిసిస్‌తో రోడ్డు దూరం తీయండి. తర్వాత టీకా పడని పిల్లల సంఖ్య, రేటు, కేంద్రానికి దూరం ఉన్న పట్టికలో అవసరం ఎక్కువగా కనిపించే పన్నెండు ఊళ్లను ఎంచి, మ్యాప్ అచ్చు తీసి ఆ ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తల ముందు పెట్టండి. వలస కుటుంబాలు జాబితాలో లేవని, శిబిరం రోజే సంత అని చెప్పగలిగేది వాళ్లే. పన్నెండు ఆరు అయ్యేది ఆ మాటల తర్వాతే.

ఎవరి పిల్లలో గుర్తుపట్టకుండా, బయటికి ఇచ్చే మ్యాప్‌లో ఇళ్ల బిందువులు ఉండకూడదు. 5 కంటే తక్కువ ఉన్న సంఖ్యలను "5లోపు" అని రాయండి. శిబిరాలు ముగిశాక అదే రంగుల హద్దులతో మ్యాప్ మళ్లీ గీయండి, మొదటి దాని పక్కన పెట్టి చూడండి.