షాపుల కాంటాక్ట్ లెన్స్ నడుస్తలేదా? ముందు చిట్టీల సిలిండర్ పవర్ చూడుండ్రి

హన్మకొండల ఏ ఆప్టికల్స్‌కు పోయినా ఒకటే మాట, మా దగ్గర లెన్స్ ఎవలు అడుగరన్నా అని.

సమస్య: కస్టమర్ లెన్స్ అడుగడు
మీరు అడిగిండ్రా? కంటి పవర్ రాసిన చిట్టీ తీస్కొని సీదా ఫ్రేముల కాడికే తోల్కపోతరు. మైనస్ 4 ఉన్న పిల్ల కళ్లజోడు తీసి కొత్త ఫ్రేం పెట్టుకుంటే అద్దంల తన మొఖమే తనకు కనిపియ్యది. గప్పుడు ట్రయల్ లెన్స్ పెట్టి, ఇగ ఇప్పుడు చూస్కో అమ్మా అనుండ్రి. ఫ్రేం అమ్ముడుపోతది, లెన్స్ ఎట్లుంటదో కూడా తెలుస్తది.

సమస్య: ట్రయల్ల మస్తుందన్నడు, మళ్ల రాలే, "నాకు లెన్స్ పడయ్" అంటున్నడు
ఇదే అసలు దొంగ. అందరు దుమ్ము అంటరు, కన్ను ఆరుతుందంటరు, సొల్యూషన్ మారుస్తరు, చిట్టీ మాత్రం ఎవలు తియ్యరు. తీస్తే -2.00, సిలిండర్ (కంటి వంపు అన్ని దిక్కుల ఒక్కతీరు లేకుంటే రాసే పవర్) -1.25 ఉంటది. టోరిక్ (సిలిండర్ పవర్ ఉన్న లెన్స్) స్టాక్ లేదని సిలిండర్ల సగం కలిపి -2.50 సాదా లెన్స్ ఇచ్చి పంపిండ్రు. పగటిపూట షాపుల చార్ట్ మీద 6/9 లైన్ చదివిండు కాబట్టి అందరు ఖుష్, కానీ రాత్రి కాజీపేట రోడ్డు మీద బండి నడిపితే ఎదురుంగ లారీ లైట్లకు తోకలొస్తయ్, బోర్డు అక్షరాల పక్కన నీడ పడ్తది. సిలిండర్ సంగతి ఆయనకేం తెలుసు, లెన్సే పడయ్ అనుకుంటడు, హాస్టల్ల అందరికి గదే చెప్తడు, ఆ హాస్టల్ నుంచి ఇగ ఎవలు రారు.

సిలిండర్ 0.50 దాకా సాదాది నడుస్తది. 0.75 నుంచి టోరిక్కే, స్టాక్ లేకుంటే తెప్పియ్యుండ్రి, రెండు రోజులు ఆగుమంటే ఏం పోదు. పెట్టినంక పది నిమిషాలు కూసోబెట్టి స్లిట్ ల్యాంప్‌ల (కన్నును పెద్దగ చూపెట్టే మెషిన్) టోరిక్ లెన్స్ కింది గుర్తు చూడాలె, మీకు ఎడమకు తిరిగి కనిపిస్తే అన్ని డిగ్రీలు యాక్సిస్‌కు (సిలిండర్ ఏ కోణంల ఉందో చెప్పే అంకె) కలపాలె, కుడికైతే తీసెయ్యాలె. చార్ట్ ఒక్కదాన్నే నమ్మకుండ్రి, రూంల లైట్ బంద్ చేసి దూరం నుంచి ఫోన్ టార్చ్ చూపెట్టి తోకలు వస్తున్నయా అని అడగుండ్రి.

మైనస్ 4 దాటితే కళ్లజోడు పవర్ అట్లనే ఎక్కియ్యద్దు, -6.00 అంటే లెన్స్ల -5.50 దగ్గర.

సమస్య: పెట్టుకుంటడు, తీసుకోరాదు
తన చేతితోని రెండుసార్లు తీసేదాకా ఇంటికి పంపద్దు. నల్లా నీళ్లు లెన్స్‌కు తాకనియ్యద్దని గప్పుడే చెప్పాలె.

నలభై దాటినోళ్లకు దగ్గరి చూపు ముందే చెక్ చెయ్యుండ్రి. అలర్జీ, కెరటోకోనస్ (నల్లగుడ్డు ముందు పొర పల్చబడి ముందుకు పొడుచుకొచ్చుడు) లాంటివి ఉన్నయని అనుమానం ఉంటే కంటి డాక్టర్ దగ్గరికి తోలుండ్రి.