పట్టుచీర రంగు ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు రావాలంటే

ధర్మవరం నుంచి పట్టుచీరలు తెచ్చి ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అనంతపురంలో మా వీధిలోనే ముగ్గురున్నారు. చీరలు బాగుంటాయి, ధరా బాగుంటుంది. తిరిగొచ్చే పార్సిళ్లు మాత్రం తగ్గవు. ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు. వాళ్లేమో వెబ్‌సైటు పెట్టాలా, ప్రకటనలు ఇవ్వాలా అని నన్నడుగుతారు. ముందు ఫోటో సరిగ్గా తీయండి, ఆ తర్వాత మాట్లాడదాం అంటాను.

1. కావలసినవి

ఓ మోస్తరు ఫోన్, దండెం, తెల్ల దుప్పటి, తెల్ల కాగితం. రింగ్ లైట్ కొనకండి. జరీ మీద గుండ్రటి మెరుపు పడి బుట్టాలన్నీ మాయమవుతాయి. బొమ్మకు కట్టి తీయడం కూడా నాకు నచ్చదు. మడతల్లో అంచు వెడల్పు తెలియదు. చీరను దండెం మీద వేసి తీయాల్సిందే. కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. చాలామంది ఫోన్ల మీద వంటింటి నూనె వేలిముద్రలు ఉంటాయి, ఫోటో మసకగా వచ్చిందని కెమెరాను తిడతారు.

2. చోటు, వేళ

మన అనంతపురం ఎండ సంగతి చెప్పాలా? ఎండలో చీర ఆరేసి ఫోటో తీస్తే జరీ తెల్లగా మండిపోతుంది, మడతల్లో నల్లటి నీడలు పడతాయి. ఉదయం ఎనిమిది నుంచి పది లోపల, నీడ ఉన్న వరండాలోనో ఉత్తరం వైపు కిటికీ పక్కనో తీయండి. ఇంట్లో ట్యూబ్‌లైటు, బల్బు ఆర్పేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, బల్బు వెలుగు ఇంకో రంగు. రెండూ కలిసి చీర మీద పడితే ఏ యాప్‌తోనూ విడదీయలేం.

గోడ సంగతి కూడా చూసుకోండి. మా వరండా గోడకు చిలకపచ్చ సున్నం. ఆర్నెల్ల పాటు నేను తీసిన గంధం రంగు చీరలన్నిటికీ ఒక పచ్చటి ఛాయ వచ్చేది. గోడ రంగు చీర మీదికి పాకుతోందని ఆలస్యంగా తెలిసింది. తెల్ల దుప్పటి కట్టమనేది అందుకే. మీరు వేసుకున్న బట్టలు కూడా ముదురు రంగువి కాకుండా చూసుకోండి.

3. అసలు పని: రంగు

అందరూ తప్పేది ఇక్కడే. తొందరపడకండి.

ఫోన్ కెమెరా తనకు కనిపించిన దృశ్యాన్ని సరాసరి చేసి, తెల్ల రంగు ఎలా ఉండాలో తానే ఊహించుకుంటుంది. దీన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. ఫ్రేమ్ నిండా ఎర్రచీర ఉంటే, వెలుగే ఎర్రగా ఉందేమో అనుకుని కాస్త నీలం కలుపుతుంది. నీలం చీర పెడితే పసుపు కలుపుతుంది. కాబట్టి ఒకే చోట, ఒకే నిమిషంలో తీసినా రెండు చీరలకు రెండు రకాలుగా మోసం చేస్తుంది.

దీనికి మందు: కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగ్‌లు మనమే మార్చుకునేది) ఉంటే అందులో డబ్ల్యూబీ, అంటే వైట్ బ్యాలెన్స్, అన్నదాన్ని ఆటో నుంచి తప్పించండి. పగటి వెలుగుకు 5500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర మొదలుపెట్టి, దండెం మీద వేసిన తెల్ల కాగితం తెరపై తెల్లగా కనిపించేదాకా జరపండి. నీడలో అంకె కాస్త పెంచాల్సి రావచ్చు. ఒకసారి కుదిరాక ఆ పూట తీసే చీరలన్నిటికీ అదే అంకె. మళ్లీ ముట్టుకోవద్దు. ఏఐ కెమెరా, సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆపేయండి, అవి రంగులను ముదురు చేస్తాయి.

ప్రో మోడ్ లేని ఫోనైతే ప్రతి చీరకూ మొదటి ఫోటోలో పక్కనే కాగితం పెట్టండి. తర్వాత స్నాప్‌సీడ్ అనే ఉచిత యాప్‌లో ఫోటో తెరిచి, టూల్స్‌లో వైట్ బ్యాలెన్స్‌కు వెళ్లి, డ్రాపర్ గుర్తును కాగితం మీద పెట్టండి. రంగు సర్దుకుంటుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. కాగితం మరీ వెలిగిపోయి ఉంటే డ్రాపర్‌కు పట్టుకోవడానికి ఏమీ మిగలదు, కొంచెం బూడిదగా కనిపించేలా తీయండి. రెండోది, జిరాక్స్ కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం వల్ల పగటి వెలుగులో అది లేశమాత్రం నీలంగా ఉంటుంది. దాన్ని నమ్మి సర్దితే చీర పసుపుపచ్చ వైపు జరుగుతుంది. ఫోటోలు రోజూ తీసేవాళ్లు గ్రే కార్డు, అంటే రంగు సర్దుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట, కొనుక్కోవడం మంచిది.

రాణి రంగు, మిరపపండు ఎరుపు వేరే తలనొప్పి. కెమెరాలో ఎరుపు పాళ్లు గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతాయి. నేత, బుట్టా కలిసిపోయి గుడ్డకు రంగు పూసినట్టు ఉంటుంది. తెర మీద చీరను తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. ఫోటో కొంచెం చీకటిగా అనిపించినా సరే, నేత కనిపించాలి. చీకటి ఫోటోను తర్వాత పెంచొచ్చు, పోయిన నేతను తేలేం.

ఇక ధర్మవరం చీరకు పేరు తెచ్చిన రెండు ఛాయల సంగతి. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు. అందుకే చీర కదిలితే రంగు మారుతుంది. ఒకసారి కడపలో ఒకావిడ నెమలికంఠం చీర ఆర్డరిచ్చింది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. నేను నీలం ఎక్కువ కనిపించే ఒకే ఒక్క ఫోటో పెట్టాను. పార్సిల్ అందగానే ఫోన్. "ఏమ్మా, నేను నీలం అడిగితే పచ్చ పంపించినారే!" "అక్కా, అదే చీర, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూడండి" అన్నాను. చూసింది, నవ్వింది, అయినా వెనక్కి పంపింది. తప్పు నాదే.

అప్పట్నుంచి రెండు ఛాయల చీరకు మూడు ఫోటోలు, ఒక వీడియో. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, గుడ్డను గుప్పిట్లో పట్టి మడత చేసి దగ్గరగా ఒకటి. వీడియో పది సెకన్లు చాలు: కొంగును చేత్తో మెల్లగా ఊపండి. పాటలు పెట్టకండి.

ఫిల్టర్లు వేసి అందంగా చేస్తే ఎక్కువ అమ్ముడుపోతాయని వాదించేవాళ్లున్నారు. అమ్ముడుపోతాయి, తిరిగొస్తాయి కూడా. రానూపోనూ కొరియర్ ఖర్చు లెక్కేసుకున్నాక ఆ వాదన చేసేవాళ్లు నాకు కనిపించలేదు.

4. చూసుకోవడం, పంపడం

మీ ఫోన్లో నైట్ లైట్, కళ్లకు హాయినిచ్చే మోడ్ ఆపి, డిస్‌ప్లేను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చి చూడండి. ఇంకొకరి ఫోన్లో కూడా చూడండి, చీరను ఆ ఫోన్ పక్కన పెట్టి. కస్టమరుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ గుర్తు నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫోటోను కుదించేస్తుంది, జరీ బుట్టా పిక్సెళ్ల ముద్దయిపోతుంది.

5. కేటలాగ్

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. దానికి వేరే సిమ్ పెట్టండి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. కేటలాగ్‌లో 500 ఐటమ్‌ల దాకా పెట్టొచ్చు. ఐటమ్ కోడ్ గడిలో చీరకు కట్టిన చీటీ మీది నంబరే రాయండి. పొడవు, రవిక ముక్క ఉందో లేదో, పడుగు పేక రంగులు, సిల్క్ మార్క్ (అసలు పట్టు అని చెప్పే గుర్తు) ఉంటే ఆ చీటీ ఫోటో. రెండు ఛాయలుంటే ఆ మాట మొదటి వరుసలోనే ఉండాలి. మగ్గం చీర ఒక్కటే ఉంటుంది కాబట్టి అమ్ముడవగానే ఐటమ్‌ను హైడ్ చేయండి, లేదంటే నెల తర్వాత కూడా అదే కావాలని అడుగుతారు.

లింకు పంచుకోవడానికి డబ్ల్యూఏ డాట్ ఎంఈ, ఏటవాలు గీత (/), ఆ తర్వాత 91తో కలిపి మీ నంబరు. ప్లస్ గుర్తు, ఖాళీలు వద్దు. నంబరు సేవ్ చేసుకోకుండానే మీతో చాట్ తెరుచుకుంటుంది.

6. డబ్బు

పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకండి, అలాంటివి తయారుచేసే నకిలీ యాప్‌లున్నాయి. మీ బ్యాంకు యాప్‌లో జమ కనబడాలి. డబ్బు రావడానికి మీరు యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, కొట్టమంటే అవతలివాడు దొంగ. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జమ అయ్యాక, ప్యాక్ చేసే ముందు చీటీ నంబరు కనిపించేలా ఒక ఫోటో తీసి కస్టమరుకు పంపండి, "ఇదే కదమ్మా?" అని. అవునని జవాబొచ్చాకే టేపు వేయండి.